పుస్తకం ఎక్కడుంది, ఎలా నిలుస్తుంది? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరి డెల్టా నుంచే. సగానికి సగం జాతీయ గ్రంథాలయం గురించి, మిగతావి ఇంట్లో ఉన్న పాత పుస్తకాల గురించి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం.

పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు: మా నాన్నగారి పద్యాలు సొంత ఖర్చుతో 300 కాపీలు వేయిస్తున్నామండి. అమ్మకానికి కాదు, తెలిసినవాళ్లకి పంచడానికే. ప్రెస్సాయన "కలకత్తాకి ఓ కాపీ పంపాలి, చట్టం ఉంది" అంటున్నారు. మాలాంటివాళ్లకి కూడా వర్తిస్తుందా? పంపితే వాళ్లేం చేసుకుంటారు?

వర్తిస్తుంది. 1954లో వచ్చిన చట్టం ప్రకారం, దేశంలో ఏ భాషలో పుస్తకం వేసినా, విడుదలైన 30 రోజుల్లోపు ప్రచురించినవారే తమ ఖర్చుతో కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, ఇంకో మూడు గ్రంథాలయాలకు ఒక్కో ప్రతి పంపాలి. ఆ మూడూ చెన్నైలోని కన్నెమెరా, ముంబయిలోని సెంట్రల్ లైబ్రరీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. అంటే మొత్తం నాలుగు ప్రతులు. 1956లో చట్టాన్ని సవరించి వార్తాపత్రికలనూ చేర్చారు. పెద్ద ప్రచురణ సంస్థా, సొంతంగా వేసుకున్న కుటుంబమా అనే తేడా అందులో లేదు. పుస్తకం అంటే సంపుటమే కానక్కర్లేదు. చిన్న కరపుస్తకం, విడిగా అచ్చయిన పటం, సంగీత స్వరాల కాగితం కూడా లెక్కలోకి వస్తాయి. పంపకపోతే ఆ చట్టంలో జరిమానా 50 రూపాయల వరకు, దానితోపాటు పుస్తకం విలువ. జరిమానాకు భయపడి పంపమని మేం అనం. పంపితే మీకు దక్కేది చాలా పెద్దది.

కోల్‌కతాకు చేరిన ప్రతి ఆధారంగానే భారత జాతీయ గ్రంథసూచి తయారవుతుంది. 1958 నుంచి వెలువడుతున్న ఈ సూచిలో తెలుగు పుస్తకాలకూ చోటుంది. మీ నాన్నగారి పేరు, పుస్తకం పేరు, పుటల సంఖ్య, ప్రచురణ సంవత్సరం అందులో ఎక్కితే, 300 కాపీలూ ఏ అటక మీదో చెదలు పట్టిపోయినా, పుస్తకం ఒకటి ఉందన్న సాక్ష్యం, దాన్ని చదివే దారి మిగులుతాయి. వరదలూ ఉప్పుగాలీ ఉన్న మన ప్రాంతానికి ఇది అందరికంటే ఎక్కువ అవసరం.

ఇక పంపే పద్ధతి. కోల్‌కతాకు పంపే ప్రతి గురించి చట్టం ప్రత్యేకంగా చెప్పింది: మీరు వాడిన కాగితాల్లో మేలైన కాగితం మీద అచ్చయి, బైండు చేసి గానీ కుట్టి గానీ ఉండాలి, బొమ్మలూ పటాలూ అన్నీ ఉండాలి. మిగతా మూడు చోట్లకు, ఎక్కువ కాపీలు ఏ కాగితం మీద వేశారో ఆ మామూలు ప్రతి చాలు. అందుకని ప్రెస్సాయనతో ముందే మాట్లాడండి. 300 కాపీలూ జిగురు బైండింగే అయినా, ఓ పది కాపీలకు మాత్రం ఫారాలు కుట్టించండి. డెమ్మీ సైజులో 128 పేజీల పుస్తకం 16 పేజీల చొప్పున ఎనిమిది ఫారాలు. ఎనిమిది ఫారాల కుట్టుకు పెద్ద ఖర్చేం కాదు. మన తేమకు జిగురు వీపు నాలుగైదేళ్లలో వదిలేసి పేజీలు రాలిపోవడం అందరూ చూసేదే. చిన్న పుస్తకమని మధ్యలో పిన్నులు కొట్టించారో, రెండు వానాకాలాలకే అవి తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. న్యూస్‌ప్రింట్ జోలికి వెళ్లకండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువుండే) మ్యాప్‌లిథో అచ్చు కాగితం చాలు.

లోపలి పేజీ సరిగా ఉండాలి. సూచి తయారుచేసేవారికి ఎక్కువ తిప్పలు పెట్టేది ఇదే. అట్ట మీద ఒక పేరు, లోపల ఇంకో పేరు. ముందుమాటలో రచయిత ఇంటిపేరు ఒకలా, వెనక అట్ట మీద మరోలా. సంవత్సరం ఎక్కడా ఉండదు, "ఉగాది" అని మాత్రం ఉంటుంది. రచయిత పూర్తి పేరు, పుస్తకం పేరు, ఎన్నో ముద్రణ, ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎన్ని పేజీలు, ప్రచురించినవారి చిరునామా: ఇవి లోపలి పేజీ వెనక ఒకేచోట వేయించండి. ఐఎస్‌బీఎన్, అంటే ఒక్కో పుస్తకానికి విడిగా ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య, ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తుంది. అచ్చుకు వెళ్లకముందే అడగాలి. అచ్చయ్యాక స్టిక్కరు అంటించడం ఏమంత బాగోదు. అయితే ఐఎస్‌బీఎన్ తీసుకున్నంత మాత్రాన కాపీలు పంపే పని తీరినట్టు కాదు. ఆ రెండూ వేరువేరు.

పార్సిల్‌లో ఈ వివరాలతో ఒక ఉత్తరం పెట్టి, రసీదు కావాలని రాయండి. రసీదు ఇవ్వాలని చట్టమే చెబుతోంది. జాతీయ గ్రంథాలయం చిరునామా: బెల్వెడేర్ రోడ్, ఆలీపూర్, కోల్‌కతా 700027. పాలిథీన్ సంచిలో పెట్టి, ఆ పైన అట్టలు కట్టి స్పీడ్ పోస్టులో వేయండి. తర్వాత రెండో ముద్రణ వేస్తే, ఒక్క అక్షరం కూడా మారకపోతే మళ్లీ పంపక్కర్లేదు. కొత్త పద్యాలో బొమ్మలో చేరితే మాత్రం పంపాలి.

అమలాపురం నుంచి ఒక పాఠకురాలు: మా ముత్తాతగారు ఒక శతకం రాశారని, అది రాజమండ్రిలో శుభకృతు నామ సంవత్సరంలో అచ్చయిందని మా పెదనాన్నగారు అనేవారు. ఇంట్లో ఒక్క కాపీ లేదు. కోల్‌కతా లైబ్రరీలో దొరుకుతుందా?

కోల్‌కతా ముందు వద్దండి, అది చివర. ఎందుకో చెబుతాం.

ముందు ఏ శుభకృతో తేల్చుకోవాలి. 60 ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది: 1902–03, 1962–63, 2022–23. ముత్తాతగారంటున్నారు కాబట్టి 1902 కావచ్చు, కానీ ఆయన పోయాక పిల్లలు 1962లో వేయించి ఉండొచ్చు కదా. పుస్తకాన్ని చూసినవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే వెల ఎలా వేసి ఉందో అడగండి. మన దేశంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. వెల అణాల్లో ఉంటే అది 1902 నాటిదే. 75 పైసలనో రూపాయి యాభై పైసలనో ఉంటే 1962.

1902 నాటిదైతే అప్పటికి 1954 చట్టం లేదు. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చేసినవాళ్లు కాపీలు మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చేవారు. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకోసారి గెజిట్ అనుబంధంలో ఆ పుస్తకాల జాబితా వేసేది. పేరు, రచయిత, ప్రెస్సు, ఊరు, పేజీలు, ఎన్ని కాపీలు వేశారు, వెల ఎంత, అన్నీ అందులో ఉంటాయి. మీ ముత్తాతగారి శతకం ఎన్ని వందల కాపీలు అచ్చయిందో కూడా ఆ వరుసలో కనిపించవచ్చు. ఆ జాబితాల నుంచి కొన్ని పుస్తకాలు లండన్‌కు తెప్పించుకునేవారు. అక్కడి బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల జాబితాను 1912లో బార్నెట్ తయారుచేశారు. ఇప్పుడు ఆ పుస్తకాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

వెతికే వరుస ఇది. మొదట రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం. దాని మూలాల్లో ఒకటి, నాళం కృష్ణారావు తన గురువు వడ్డాది సుబ్బారాయుడి పేరిట 1898లో పెట్టిన వసురాయ గ్రంథాలయం. అంటే మీ శతకం అచ్చయ్యేనాటికి అదే ఊళ్లో గ్రంథాలయం ఉంది. ఊరి కవి ఒక కాపీ ఇచ్చి ఉండటానికి ఎక్కువ అవకాశం అక్కడే. ఆ తర్వాత కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తు, ఆ పైన వేటపాలెం సారస్వత నికేతనం. ఇంట్లో కూర్చునే చేయగలిగింది ఆర్కైవ్ డాట్ ఆర్గ్. ప్రభుత్వం చేయించిన డిజిటల్ లైబ్రరీ స్కానింగు పుస్తకాలు వేలాదిగా అక్కడ ఉన్నాయి. ఇవన్నీ అయ్యాక చెన్నై ఎగ్మూరులోని కన్నెమెరా. 1896లో తెరిచిన గ్రంథాలయం కాబట్టి పాత మద్రాసు రాష్ట్రపు అచ్చు పుస్తకాలకు కోల్‌కతా కంటే అదే మేలు. అక్కడా లేకపోతే కోల్‌కతా. అదే మీ పుస్తకం 1962 నాటిదైతే ఈ వరుస తలకిందులు చేసి ముందు కోల్‌కతా జాబితానే చూడండి.

ఆన్‌లైన్ జాబితాల్లో దొరకలేదని ఊరుకోకండి. చాలాచోట్ల తెలుగు పేర్లను ఇంగ్లిషు లిపిలో ఎక్కించారు. గ్రంథాలయాల పద్ధతిలో "చ"ను "సి" ఒక్కదానితో, "ఛ"ను "సిహెచ్"తో రాస్తారు. "చరిత్ర" అని వెతకడానికి మనం అలవాటుగా "సిహెచ్" కొడితే రాదు. "శ"కు ఎస్ మీద గుర్తు ఉంటుంది కాబట్టి "ఎస్‌హెచ్" కొట్టినా రాదు, ఎస్ ఒక్కటే కొట్టాలి. పుస్తకం పేరు చివర "ము" పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. రచయిత పేరును ఇంటిపేరుతో మొదలుపెట్టి ఒకసారి, అసలు పేరుతో ఒకసారి. స్కాన్ పుస్తకాల్లో అయితే తప్పులు మరీ ఎక్కువ. ఊరి పేరు, ప్రెస్సు పేరు, "శతకము" అనే మాట, విడివిడిగా కొట్టి ఓపిగ్గా చూసుకుంటూ పోవాలి.

దొరికితే మళ్లీ అచ్చు వేసుకోవచ్చా అని కూడా రాశారు. మన దేశంలో రచయిత బతికున్నప్పుడు అచ్చయిన రచనకు హక్కులు ఆయన పోయిన ఏడాది గడిచాక 60 ఏళ్లు ఉంటాయి. ఉదాహరణకు 1950లో పోయినవారి రచనలకు 2010 ఆఖరుతో తీరిపోయింది. హాయిగా వేసుకోండి. వేశాక పైన పాలకొల్లు వారికి చెప్పినట్టు నాలుగు కాపీలు పంపడం మరవకండి.

కొత్తపేట నుంచి ఒక రైతు: మా పొలం పక్కన పంట బోదె ఎప్పుడు తవ్వారో, మా భూమి ఎవరి పేరున ఉండేదో జాతీయ గ్రంథాలయంలో కాయితాలు ఉంటాయా?

ఉండవు. అచ్చయిన పుస్తకాలు, పత్రికలు, పటాలు గ్రంథాలయంలో; ప్రభుత్వ కచేరీల్లో రాసుకున్న దస్త్రాలు ఆర్కైవ్స్‌లో. ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్ కూడా 1891లో కలకత్తాలోనే మొదలైంది, జాతీయ గ్రంథాలయానికి ముందున్న ఇంపీరియల్ లైబ్రరీ ఏర్పడ్డ ఏడాదే. అందుకే చాలామంది రెండింటినీ కలిపేస్తారు. మీకు ఆ రెండూ అక్కర్లేదు. భూమి లెక్క ముందు తాసీల్దారు కచేరీలో, 1953కు ముందు నాటి రెవెన్యూ బోర్డు దస్త్రాలు చెన్నైలోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో. కాలువల సాధారణ చరిత్రకైతే మోరిస్ 1878లో రాసిన గోదావరి జిల్లా వృత్తాంతం, ఎఫ్.ఆర్. హెమింగ్వే (నవలా రచయిత కాదు) కూర్చిన 1907 నాటి జిల్లా గెజిటీర్ చూడండి. రెండూ ఇంగ్లిషులో ఉన్నాయి, కాలేజీ పిల్లల చేత చదివించుకోండి. మీ బోదె పేరు వాటిలో ఉండకపోవచ్చు, దానికి నీళ్లిచ్చే పెద్ద కాలువ పేరు ఉంటుంది.

కొవ్వూరు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని: పాత పత్రికల మీద పని చేస్తున్నాను. నాలుగు రోజులు కోల్‌కతా వెళ్లి జాతీయ గ్రంథాలయంలో కూర్చోవాలని ఉంది. ఎలా సిద్ధం కావాలి? ఆ గ్రంథాలయం పుట్టుక గురించీ కొంచెం చెప్పండి.

పుట్టుక ముందు చెబుతాం, ఎందుకంటే అక్కడ ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నది దాన్ని బట్టే ఉంటుంది. 1836లో కలకత్తా పబ్లిక్ లైబ్రరీ అని ప్రజలు పెట్టుకున్నది మొదటి పొర. 300 రూపాయలు కట్టినవారు దాని యజమానులు. ద్వారకానాథ్ టాగూర్ మొదటి యజమాని. డబ్బు లేని విద్యార్థులను కొంతకాలం ఉచితంగా చదువుకోనిచ్చేవారు. ఫోర్ట్ విలియం కాలేజీ నుంచి 4,675 సంపుటాలు దానికి వచ్చాయి. ప్రభుత్వ కార్యాలయాల లైబ్రరీలను కలిపి 1891లో ఏర్పరిచిన ఇంపీరియల్ లైబ్రరీ రెండో పొర. అందులోకి మామూలు జనానికి దాదాపు ప్రవేశం లేదు. వైస్రాయ్ కర్జన్ ఈ రెండింటినీ కలిపి 1903 జనవరి 30న మెట్కాఫ్ హాలులో అందరికీ తెరిపించాడు. తొలి లైబ్రేరియన్ మక్‌ఫార్లేన్ బ్రిటిష్ మ్యూజియం నుంచి వచ్చినవాడు. ఆ తర్వాత వచ్చిన హరినాథ్ దే పదుల సంఖ్యలో భాషలు నేర్చిన మహా పండితుడు. రాజధాని ఢిల్లీకి తరలినా లైబ్రరీ మాత్రం కలకత్తాలోనే ఉండిపోయింది. 1948లో పేరు మార్చి జాతీయ గ్రంథాలయం చేశారు. 1953 ఫిబ్రవరి 1న ఆలీపూర్‌లోని బెల్వెడేర్ భవనంలో మౌలానా ఆజాద్ దాన్ని ప్రజలకు తెరిచారు. ఒకప్పుడు బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నర్లు ఉన్న భవనం అది, 30 ఎకరాల తోట మధ్య. 2004 నుంచి పక్కనే భాషాభవన్ అనే కొత్త కట్టడమూ ఉంది.

ఈ పొరల వల్ల తేలేది ఏమిటంటే, 1903కు ముందరి ఇంగ్లిషు, ప్రభుత్వ ప్రచురణలు బలం. 1954 తర్వాతి భారతీయ భాషల పుస్తకాలు చట్టం పుణ్యమా అని బలం. మధ్యలో తెలుగు పుస్తకాలు, పత్రికలు వచ్చిన మేరకే. మొత్తం 22 లక్షలకు పైగా పుస్తకాలున్నా మీ పత్రిక ఉందన్న భరోసా లేదు. కాబట్టి టికెట్టు కొనకముందే తెలుగు విభాగానికి ఉత్తరమో ఈమెయిలో రాసి, ఏ పత్రిక, ఏ సంవత్సరాలు కావాలో స్పష్టంగా అడగండి. "పాత తెలుగు పత్రికలు" అని రాస్తే జవాబు రాదు. "ఫలానా పత్రిక, 1936 జనవరి నుంచి 1938 డిసెంబరు" అని రాయాలి. ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించిన పాత తెలుగు పత్రికలు ముందు ఆన్‌లైన్‌లో చూసుకోండి. అక్కడ ఉన్న సంచిక కోసం రాజమండ్రిలో కోరమాండల్ ఎక్కడం డబ్బు దండగ.

పాఠకుల కార్డు మొదటి రోజే తీసుకోవాలి. గుర్తింపు కార్డు అసలు, నకలు, ఫోటోలు, గైడుగారి ఉత్తరం వెంట ఉంచుకోండి. అక్కడ పుస్తకాల అరల దగ్గరికి పాఠకులు వెళ్లరు. చీటీ మీద పిలుపు సంఖ్య (జాబితాలో ఆ పుస్తకానికి వేసిన గుర్తు సంఖ్య), పేరు, సంపుటం రాసిస్తే లోపలి నుంచి తెస్తారు. సంఖ్య తప్పు రాస్తే చీటీ "దొరకలేదు" అని తిరిగొస్తుంది, పూట పోతుంది. అందుకే జాబితా నుంచి సంఖ్యలన్నీ ఇంటి దగ్గరే నోటుబుక్కులో ఎక్కించుకుని వెళ్లండి. ఉదయం వెళ్లగానే మధ్యాహ్నానికి కావలసిన చీటీలు కూడా ఇచ్చేయండి. నాలుగు రోజుల్లో మొదటి రోజు కార్డుకూ దారులు తెలుసుకోవడానికీ పోతుందనే లెక్క వేసుకోండి. పెళుసుబారిన సంపుటాలను జిరాక్సుకు ఒప్పుకోరు, అది న్యాయమే. వీపు విరిచి అద్దం మీద బోర్లిస్తే పేజీ అంచున తునిగిపోతుంది. నకళ్ల విభాగంలో రుసుము కట్టి స్కాన్ అడగండి, లేదా పెన్సిలుతో రాసుకోండి. సిరా కలం సంచిలోంచి తీయకండి. దుర్గాపూజ రోజుల్లో వెళ్లకండి, ఊళ్లో గది దొరకదు.

తణుకు నుంచి తొమ్మిదో తరగతి విద్యార్థి: జాతీయ గ్రంథాలయంలో రహస్య గది ఉందట, నిజమేనా?

నిజమే బాబూ. 2010లో బెల్వెడేర్ భవనం బాగుచేస్తుంటే కింది అంతస్తులో తలుపూ కిటికీ ఏదీ లేని గది ఒకటి బయటపడింది. నిధి ఉందన్నారు, చెరసాల అన్నారు. పురావస్తు శాఖ వారు చూస్తే లోపలంతా మట్టి. పై కట్టడం బరువు ఆనడానికి పూర్వం మేస్త్రీలు మట్టితో నింపేసిన అర అది. మన గోదావరి ఒడ్డు మెత్తటి నేలలో పునాదికి ఇసుక నింపుతారే, ఆ ఆలోచనే.

పి.గన్నవరం దగ్గర లంక గ్రామం నుంచి ఒక ఉపాధ్యాయుడు: వరదకి మా బడి బీరువా మునిగిందండి. పుస్తకాలు ఎండలో ఆరేశాం. సగం ఇటుకల్లా అతుక్కుపోయాయి, సగం బూజు పట్టాయి. మళ్లీ వరద వస్తే ఏం చెయ్యాలి?

ఎండే చెడగొట్టిందండి. తడిసిన పుస్తకం పైన ఎండుతుంది, వీపు దగ్గర లోపల తడి ఉండిపోతుంది. ఆ తడిలో రెండు రోజులు తిరిగేసరికి బూజు మొలుస్తుంది. 48 గంటలు అన్నది మీ చేతిలో ఉన్న గడువు. ఇక ఇటుకల్లా అయినవి నున్నటి మెరుపు కాగితం పుస్తకాలు, అట్లాసులు, రంగు బొమ్మల పుస్తకాలు అయి ఉంటాయి. ఆ కాగితం మీద పూత ఉంటుంది. తడిస్తే కరిగి, ఆరితే జిగురులా పట్టేస్తుంది. ఒకసారి ఆరాక విడదీయడం ఎవరివల్లా కాదు. కాబట్టి వాటిని తడిగా ఉండగానే చూడాలి.

నీళ్లు తగ్గగానే ముందు ఏది కాపాడాలో నిర్ణయించండి. పాఠ్యపుస్తకాలు, ఇంకెక్కడైనా దొరికే నవలలు ఆఖరికి. చందమామ బైండ్లూ ముందు కాదు; బడి ప్రవేశాల రిజిస్టరు, ఊరి మీద ఎవరో చేత్తో రాసిన కాగితాలు, ఇలా ఇంకెక్కడా కాపీ లేనివి ముందు. చేత్తో రాసినవాటిని కడగకండి, సిరా పోతుంది. అచ్చు పుస్తకాలకు ఒండ్రు పట్టి ఉంటే, పుస్తకాన్ని మూసి గట్టిగా పట్టుకుని మంచినీళ్ల తొట్టెలో ముంచి తీయండి. తొట్టెలు మూడు వరుసగా పెట్టుకుంటే మూడోదానికి నీళ్లు తేటగా వస్తాయి. రుద్దకండి, తెరవకండి.

మీకు ఉన్న పుస్తకాలన్నీ రెండు రోజుల్లో ఆరబెట్టలేరు. ఇక్కడే మన డెల్టాకు ఒక సదుపాయం ఉంది: రొయ్యల శుద్ధి కేంద్రాల శీతల గదులు. మైనస్ 18 డిగ్రీల్లో బూజు ఎదగదు, సిరా పాకదు, పూత కాగితం అతుక్కోదు. ఒక్కో పుస్తకాన్ని విడిగా పాలిథీన్ కాగితంలో చుట్టి, వీపు కిందికి ఉండేలా రొయ్యల ట్రేలో ఒక్క వరుసే నిలబెట్టి, అక్కడ పెట్టించండి. యజమానితో ఎండాకాలంలోనే మాట్లాడి ఉంచుకోవాలి. వరద రోజు అడిగితే ఆయన సరుకు ఆయనకుంటుంది. గడ్డకట్టినవాటిని నెల పోయాకైనా రోజుకు ఐదారు చొప్పున తీసి ఆరబెట్టుకోవచ్చు. పుస్తకాల్లో పురుగు ఉంటే ఈ చలికి అదీ చస్తుంది.

ఆరబెట్టడం నీడలో, గాలి ఆడే గదిలో. ఫ్యాను గది గాలిని కదిలించాలి, పేజీల మీదికి కొట్టకూడదు. పుస్తకాన్ని విసనకర్రలా విప్పి నిలబెట్టండి. మరీ తడిగా ఉంటే నిలబడదు, అప్పుడు పడుకోబెట్టి 20, 30 పేజీలకొక తెల్ల కాగితం దూర్చి, రెండు గంటలకోసారి మార్చండి. అచ్చయిన వార్తాపత్రిక వద్దు, నల్ల అక్షరాలు అంటుతాయి. మెరుపు కాగితానికైతే ప్రతి పేజీకీ దూర్చాల్సిందే. చేత్తో తాకితే చల్లగా అనిపించినంతసేపూ తడి ఉన్నట్టే. ఆ చల్లదనం పోయాక చెక్కల మధ్య ఉంచి పైన బరువు పెట్టండి, వంకరలు సర్దుకుంటాయి. ఇస్త్రీ పెట్టె వాడకండి. ఇప్పుడు బూజు పట్టినవాటిని పూర్తిగా ఆరనిచ్చి, ఆరుబయట, మూతికి మాస్కు కట్టుకుని, మెత్తటి కుంచెతో దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బూజు కాగితంలోకి ఇంకుతుంది. పిల్లల చేత ఈ పని చేయించకండి.

బీరువాను నేల మీద కాకుండా దిమ్మ మీద పెట్టి, ప్రవేశాల రిజిస్టరును ఈ ఎండాకాలంలోనే ఫోనుతో పేజీ పేజీ ఫోటో తీసి రెండు చోట్ల దాచండి.

ద్రాక్షారామం నుంచి ఒక గృహిణి: మా అత్తగారింట్లో తాటాకుల కట్టలు మూడున్నాయి. దేవుడి గదిలో పెట్టి పూజ చేస్తాం. ఒకటి అతుక్కుపోయింది. నూనె రాయమంటున్నారు కొందరు, జాతీయ గ్రంథాలయానికి ఇచ్చెయ్యమంటున్నారు ఇంకొందరు.

ముందు దేవుడి గదిలోంచి తీయండమ్మా. దీపం పొగ జిడ్డు, హారతి వేడి, అభిషేకం తడి ఆకుకు పడవు. పసుపు కుంకాలు గాట్లలో పేరుకుంటాయి. తడి గోడకు ఆనని చెక్క అరలో, ఉతికిన నూలుబట్ట చుట్టి పెట్టండి. పెట్టెలో వస కొమ్ము పొడి మూట వేయండి. వేపాకు వేస్తే బాగా ఎండినదే వేయాలి, పచ్చిది తేమ తెస్తుంది.

అతుక్కున్న కట్టను చాకుతో విప్పకండి, ఆకు పొరలుగా లేచిపోయి అక్షరాలు పక్క ఆకుకు అంటుకుపోతాయి. దాన్ని అలాగే ఉంచి పరిరక్షణ తెలిసినవారికే ఇవ్వాలి. మిగతా రెండు కట్టల్లో ఆకులు విడిగా ఉంటే మెత్తటి కుంచెతో దుమ్ము దులపండి. నూనె అంటే వంటనూనె, కొబ్బరినూనె కాదు. అవి కనరు పట్టి పురుగును పిలుస్తాయి. పొడిబారిన ఆకుకు నిమ్మగడ్డి నూనె దూదితో పలచగా అద్దుతారు, అది కూడా ఘంటంతో గీసిన ఆకుకే. కలంతో సిరా రాతగానీ రంగు బొమ్మగానీ ఉంటే అసలు తాకకండి. దారం పాతదైతే మార్చండి. కట్ట మందమంత వదులు ఉంచితే ఆకులు తిప్పేటప్పుడు రంధ్రం చిరగదు. రబ్బరు బ్యాండు, సెల్లోటేపు, ల్యామినేషన్ ఈ మూడూ పనికిరావు.

ఫోటోలు మీరే తీయవచ్చు. దారం విప్పకముందే ఆకుల వరుస చూసుకోండి. అంచున ౧, ౨, ౩ అని తెలుగు అంకెలుంటాయి. కిటికీ పక్కన, వెలుతురు ఒక పక్కనుంచి వాలుగా పడేలా ఆకును పెట్టండి. గాట్ల నీడ వల్ల మసి పోయిన అక్షరం కూడా కనిపిస్తుంది. ఫ్లాష్ వేస్తే గీత అణిగిపోతుంది. ప్రతి ఆకూ రెండు వైపులా, పక్కన ఒక స్కేలు పెట్టి తీయండి.

ఇవ్వడం మీ ఇష్టం, చట్టం బలవంతమేమీ లేదు. ఇవ్వదలిస్తే కోల్‌కతా కంటే తెలుగు చదివేవాళ్లు అందుబాటులో ఉండే కాకినాడ, రాజమండ్రి మేలని మా అభిప్రాయం. రెండు చోట్లా తాళపత్రాలు భద్రపరిచే అలవాటు ఉంది. ఇవ్వకపోయినా కేంద్ర ప్రభుత్వపు జ్ఞానభారతం పథకంలో వివరాలు నమోదు చేయించండి. చేతిరాత ప్రతి కనీసం 75 ఏళ్ల నాటిది, చరిత్ర, విజ్ఞానం, కళల్లో ఏదో ఒక దృష్టితో విలువైనది అయి ఉండాలి. నమోదైనంత మాత్రాన కట్టలు మీ ఇల్లు దాటవు.

రావులపాలెం నుంచి ఒక పాఠకుడు: మా ఊరి గ్రంథాలయానికి కొత్త పుస్తకాలు రావడం లేదు. డబ్బు లేదంటారు. ఇంటి పన్నులో లైబ్రరీ సెస్సు కడుతున్నాం కదా?

కడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. వెయ్యి రూపాయల పన్నుకు 80 రూపాయలు. అది పంచాయతీ సొమ్ము కాదు, వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ రసీదులో ఆ వరుస ఉందో లేదో చూసుకుని, గత మూడేళ్లలో ఎంత వసూలైంది, ఎంత జమ అయింది అని పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. అంకెలు రెండూ ఒకే కాగితం మీద అడగండి. రుసుము 10 రూపాయలు మించదు. జవాబుకు గడువు 30 రోజులు.